క్యారమ్స్ గదిలో కోర్టు

కాలరు పిల్ల "ఇష్టమే" అంది.

మొగుడితో కాపురానికి వెళ్లడం ఇష్టమేనా అని జడ్జి అడిగితే, తల ఎత్తకుండా ఆ ఒక్క ముక్క అంది. జడ్జి మొహం వెలిగిపోయింది. ఇంతోటి దానికి కోర్టుకెక్కాలా అన్నట్టు వకీళ్ల వైపు చూసి, రాజీ అని రాసుకుని, గోడ తగాదా కేసు పిలవమన్నాడు.

ఆమెతోపాటు కుట్టుపని చేసే కాజాల అక్క వెనక నిలబడి బెంచీ వైపు చూసింది. కేసుల వాళ్లకు ఆ గదిలో ఉన్నది ఆ ఒక్క బెంచీయే. కొట్టినవాడూ, దెబ్బలు తిన్నదీ దానిమీదే పక్కపక్కన కూర్చోవాలి. కాలరు పిల్ల మొగుడు ఇళ్లు కట్టే మేస్త్రీ. ఆమె పమిట చాటున చిటికెన వేలు పట్టుకుని వెనక్కి విరుస్తున్నాడు. ఇష్టమే అన్నాకే వదిలాడు. అక్క "అయ్యా" అని నోరు తెరవబోతే బంట్రోతు గదమాయించాడు. కోర్టులో నిశ్శబ్దం పాటించాలట. ఆడదాని వేలు విరుస్తుంటే మాత్రం ఆ నిశ్శబ్దానికి ఏ భంగమూ లేదు.

రాజీ అయిన వారానికే మేస్త్రీ ఆమె మణికట్టు విరగ్గొట్టాడు. కాలరు పిల్ల కట్టుబట్టలతో వచ్చి అక్క గదిలో పడింది. ఇద్దరిదీ ఒకటే చొక్కాల ఫ్యాక్టరీ, ఒకటే లైను. ఆమె కాలర్లు కుడితే అక్క కాజాలు తీస్తుంది. ఆ మనిషి తన గుమ్మం తొక్కకూడదని కోర్టు చేత ఉత్తర్వు వేయించుకోవడం తప్ప కాలరు పిల్లకు బతికే దారి లేదు. మళ్లీ అర్జీ పెట్టారు. కానీ మళ్లీ అదే బెంచీ మీద కూర్చుంటే మళ్లీ అదే మాట వస్తుందని అక్కకు తెలుసు.

మధ్యాహ్నం అన్నాల వేళ ఫ్యాక్టరీ వెనక రేకుల షెడ్డులో మీటింగు పెట్టారు. సంఘం బాబాయి వచ్చాడు. కూలి రేట్ల గురించైతే గంటసేపు గర్జించే మనిషి, ఈ మాట ఎత్తగానే గొంతు సవరించుకున్నాడు.

"ఇవి ఇంటి గొడవలమ్మా. నాలుగు గోడల మధ్య తేల్చుకోవాలి. మనది వర్గపోరాటం."

"మన వర్గానికి చెయ్యి విరిగింది బాబాయ్. కాలర్లు నువ్వు కుడతావా?" అంది ఇస్త్రీ వదిన.

షెడ్డంతా నవ్వింది. బాబాయి నవ్వలేదు. ఇంట్లో ఆయన పెళ్లాం మీద చెయ్యి చేసుకునే సంగతి ఆ షెడ్డులో తెలియనివాళ్లు లేరు. ఎలుకకు పిల్లి సాక్ష్యం అని ఎవరో గొణిగారు.

ఆ రోజే తేల్చుకున్నారు. ఈ కేసులకు వేరే కోర్టు కావాలి. వేరే గది, వేరే తలుపు, గోడ తగాదాలు కాకుండా ఇవే వినే జడ్జి కావాలి. ఊరేగింపులు తీశారు. మిగతా ఫ్యాక్టరీల ఆడవాళ్లూ కలిశారు. కాలేజీ పిల్లలు గోడల మీద రాశారు. సర్కారు కదిలింది. అంటే, మంత్రి వచ్చాడు. తన అక్కచెల్లెళ్ల కన్నీళ్లు చూడలేక ప్రత్యేక కోర్టు ఇస్తున్నానని, సొంత జేబులోంచి తీసి ఇస్తున్నట్టు చెప్పాడు. చప్పట్లు కొట్టారు. నలుగురిలో నోరు పెగలని కాజాల అక్క చేతే దండ వేయించారు. ఆమె తడబడుతూ కృతజ్ఞతలు కూడా చెప్పింది. ఇక పోరాటం ముగిసిందనుకుని ఎవరి మిషను మీదికి వాళ్లు వెళ్లిపోయారు.

వాయిదా రోజున లైనంతా కలిసి వెళితే గుమ్మం మీద కొత్త బోర్డు. లోపల అదే గది. అదే బెంచీ. అదే జడ్జి. పొద్దంతా గోడ తగాదాలు, సాయంత్రం మిగిలిన కాసేపు ఆడవాళ్లు. పైన పటారం, లోన లొటారం. ఒకే చొక్కాకు రెండు రకాల లేబుళ్లు కుట్టి రెండు ధరలకు పంపే ఫ్యాక్టరీలో పనిచేస్తూ, అందరూ బోర్డు చూసి మోసపోయారు. అక్కకు తను వేసిన దండ గుర్తొచ్చి ఒళ్లు మండింది.

బెంచీ మీద మేస్త్రీ అప్పటికే కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. పక్కన చోటు చూపించి, రావే అన్నట్టు తల ఊపాడు.

అక్క గుమాస్తా దగ్గరికెళ్లి వేరే గది అడిగింది. ఇంత భవనంలో ఒక్క గది కూడా ఖాళీ లేదమ్మా అని ఆయన ఎంతో బాధపడ్డాడు. ఆయన బాధపడుతుండగానే గోడ అవతల టక్కుమని చప్పుడైంది. తర్వాత నవ్వులు. అక్క వెళ్లి తలుపు తోసింది. వకీళ్ల క్యారమ్స్ గది. ఫ్యాను, ట్యూబులైటు, కుర్చీలు, వెనక సందులోకి ఇంకో తలుపు. నల్లకోట్లు విప్పి కుర్చీలకు తగిలించి, నలుగురు న్యాయకోవిదులు ఎర్రకాయ కోసం కొట్టుకుంటున్నారు.

"లేవండి బాబూ. ఇక్కడ కేసుంది," అంది అక్క.

వకీళ్లు కాసేపు చట్టం మాట్లాడారు. లైనంతా లోపలికొచ్చేసరికి కోట్లు అందుకుని చట్టంతో సహా వెళ్లిపోయారు. కాలరు పిల్లను వెనక తలుపు గుండా తెచ్చి మధ్యలో కూర్చోబెట్టారు.

పోలీసులు రావడానికి ఆలస్యం కాలేదు. మేస్త్రీ మీద ఫిర్యాదు ఇచ్చిన రోజు స్టేషనులో జీపుకు పెట్రోలు లేదన్నారు. ఇవాళ వ్యాను నిండా పోసుకొచ్చారు. తలుపు దగ్గరున్న అక్కను ముందు పట్టుకున్నారు. ఆమె వెనక్కి తిరిగి, "జరగండి," అంది.

ఫ్యాక్టరీలో ఒక మనిషి రాకపోతే పక్క మిషను మనిషి ఆ చోటుకు జరగాలి. లైను ఆగకూడదని సూపర్‌వైజరు తిట్టి తిట్టి నేర్పిన పని. అక్క లేచిన చోటికి ఇస్త్రీ వదిన జరిగింది. ఆమెనూ లాక్కెళ్లారు. గుండీల పిన్ని జరిగింది. కబురంది సందు తలుపులోంచి వేరే ఫ్యాక్టరీ వాళ్లు వచ్చి వెనక కూర్చుంటున్నారు. లాగేవాళ్లకు చెమటలు పట్టాయి. గది మాత్రం ఖాళీ కాలేదు.

వ్యాను కిటికీలోంచి అక్కకు ఆ తలుపు కనిపిస్తోంది. బంట్రోతు వచ్చి కాలరు పిల్ల పేరు పిలిచాడు. జడ్జిగారు అడుగుతున్నారు, కాపురానికి వెళతావా వెళ్లవా, వచ్చి బెంచీ మీద కూర్చుని చెప్పు అన్నాడు.

కాలరు పిల్ల లేవలేదు. కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, వ్యాను దాకా వినిపించేలా అంది.

"వెళ్లను. రాసుకోవాలంటే కాగితం పట్టుకుని జడ్జిగారినే ఇక్కడికి రమ్మను."