అత్తయ్య చూపు ఎటు

మా తోడికోడలంటే నాకు అసూయ. తను ఈ ఇంటికొచ్చాక, ఇంత చిన్న మాట పైకి అనడానికి నాకు పదకొండేళ్ళు పట్టింది. అంతవరకూ దానికి చిరాకనీ, అలసటనీ, తలనొప్పనీ రకరకాల పేర్లు పెట్టుకుని కాలక్షేపం చేశాను.

తోడికోడల్ని ఇంట్లో అందరం చిలక అంటాం. బట్టలు కుడుతుంది. మిషను ఆగినా తన నోరు ఆగదు. నేను మాట తక్కువ మనిషిని. కంటి ఆసుపత్రిలో స్కాన్లు తీసే పని నాది, ఇరవై రెండేళ్ళ నుంచి. పొద్దున్నించి సాయంత్రం దాకా చీకటి గదిలో కూర్చుని, "గడ్డం ఇక్కడ ఆనించండి, ఆకుపచ్చ గుర్తు చూడండి, రెప్ప వెయ్యకండి" అని అరవై మందికి చెప్పి వచ్చాక, ఇంట్లో ఇంకో ముక్క మాట్లాడాలంటే నాకు ప్రాణం మీదికొస్తుంది.

రెండు కాపురాలు, ఒకే వంటగది, ఒక అత్తయ్య. భోజనాల బల్ల దగ్గర అత్తయ్య గోడవైపు కూర్చుంటుంది. ఆవిడకు ఎదురుగా నేను. నా పక్కన, అంటే అత్తయ్యకు కుడిచేతి వైపున, చిలక. మగవాళ్ళిద్దరూ ఎక్కడ చోటుంటే అక్కడ. ఈ వరుస కాస్త గుర్తుపెట్టుకోండి, నా ఏడుపంతా ఆ కుర్చీల దగ్గరే ఉంది.

ఉన్న అసూయ చాలదన్నట్టు, ఏడాదిగా నేను ఏం చెప్పినా అత్తయ్య చిలక వైపు చూసేది. "ఇవాళ ఒకాయన స్కాన్ తీస్తుండగానే గుర్రుపెట్టాడు అత్తయ్యా" అంటే ఆవిడ పడి పడి నవ్వేది, చిలకను చూస్తూ. కూర ఎలా ఉందంటే బాగుందనేది, చిలకను చూస్తూ. వండింది నేను. చలికాలం మొదట్లో నేనే కొట్లన్నీ తిరిగి స్వెట్టరు తెచ్చాను. అది తొడుక్కుని, "ఎంత వెచ్చగా ఉందో. నాకు చలని నీకు భలే గుర్తుందే" అంది చిలక వైపు తిరిగి.

చిలక ఇబ్బందిగా, "అది అక్క తెచ్చింది అత్తయ్యా" అంది.

"తెలుసే. దానితోనే అంటున్నా" అంది అత్తయ్య.

నాతో అంటూ దాని ముఖం చూడ్డమెందుకో నాకు అర్థం కాలేదు. ఒక కంట్లో వెన్న, ఒక కంట్లో సున్నం పెట్టే అత్తగార్లు ఉంటారని విన్నాను. మా ఇంట్లో సున్నం నా వాటాకి వచ్చిందని తీర్మానించుకున్నాను. ఆ రాత్రి మా ఆయనతో చెప్తే, "మా అమ్మ ఎటు చూస్తే ఏం, తినేది నీ చేతి వంటేగా" అన్నాడు. ఆయనకు లోకంలో ఏదీ పెద్ద విషయం కాదు.

ఇంతకూ అత్తయ్య కళ్ళ సంగతి చెప్పాలి. కుడికన్ను చూపు నాలుగేళ్ళ కిందట పోయింది. వయసుతో వచ్చే మాక్యులా జబ్బు. మాక్యులా అంటే కంటి వెనకపొర నడిమధ్య గోరంత కూడా లేని చోటు. మనుషుల ముఖాలు, అక్షరాలు, సూది బెజ్జం అన్నీ ఆ చోటుతోనే చూస్తాం. అది దెబ్బతింటే చుట్టూ అంతా కనిపిస్తుంది, చూడాలనుకున్నది తప్ప.

ఇక మిగిలింది ఎడమకన్ను. అందులోనూ పొర అడుగున పచ్చటి మచ్చలు పేరుకున్నాయి. అవి ఊరుకున్నన్నాళ్ళు ఊరుకుంటాయి. జబ్బు ముదరబోయే ముందు మాత్రం కొన్ని గుర్తులు పడతాయి. స్కాన్‌లో పొరల మధ్య తెల్లగా మెరిసే సన్న చుక్కలు పైకి పాకుతాయి, పొర అక్కడక్కడా పలచబడుతుంది, ఒక్కోసారి అడుగున నీరు చేరుతుంది. ఆ గుర్తులు అందరికంటే ముందు పట్టుకుంటానని ఆసుపత్రిలో నాకు పేరు. కొత్తగా చేరినవాళ్ళకు నా స్కాన్లు చూపించి నేర్పిస్తారు. డాక్టరమ్మ నేను రాసిన రెండు ముక్కలు చదివాకే బొమ్మ వైపు చూస్తుంది.

మూడు నెలలకోసారి అత్తయ్య ఎడమకన్ను నేనే స్కాన్ తీస్తాను. వెంటపెట్టుకుని వచ్చేది చిలక. తలుపు పక్కన, అత్తయ్యకు కుడివైపున ఒక కుర్చీ ఉంది. అందులో కూర్చుని దారిలో కనబడిన కుక్కల దగ్గర్నుంచి మొదలుపెడుతుంది.

అలా ఒకసారి, గడ్డం ఆనించాక, "ఆకుపచ్చ గుర్తు వైపు చూడండి అత్తయ్యా" అన్నాను.

"చూస్తున్నానుగా."

తెర మీద ఆవిడ కన్ను కొంచెం కుడికి జరిగి ఉంది. కుడివైపు తలుపు, తలుపు పక్కన చిలక. మళ్ళీ చెప్పాను. కన్ను గుర్తు మీదికి వచ్చి, మళ్ళీ కుడికే జారింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంట్లో చాలక ఇక్కడ కూడానా అనుకున్నాను.

వేరే ఎవరి కన్నయినా అలా జరిగితే, లోపల ఆ నడిమి చోటు ఎక్కడుందో వెతికి, మిషను పొరను చూసే గీతల్ని అక్కడికి జరిపి మళ్ళీ తీసేదాన్ని. రెండు నిమిషాల పని. ఆ రోజు చెయ్యలేదు. ఆవిడ కన్ను ఎటు చూస్తే గీతలు దాని ప్రకారమే పడ్డాయి, వాటిలో మధ్య గీత బొమ్మ ఒక్కటే రిపోర్టులోకి వెళ్ళింది. కింద నా చేత్తో రాశాను: "చూపు నిలపడం లేదు. ధ్యాస పక్కకు పోతోంది." అత్త మీద కోపం దుత్త మీద చూపించడం అంటే ఇదే. కాకపోతే ఇక్కడ దుత్త కూడా అత్తే.

డాక్టరమ్మ చదివి, మార్పేమీ లేదు, మూడు నెలలాగి రమ్మంది. రెండోసారీ అదే జరిగింది, మూడోసారీ అదే. ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద గళ్ళ కాగితం అంటించాను, గీతలు వంకరగా కనబడితే చెప్పమని. రోజూ దాని ముందు నిలబడి, "అన్ని లైన్లూ బాగానే ఉన్నాయి" అనేది అత్తయ్య. ముప్పయ్యేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసిన మనిషి, ఆ మాట ఆ గొంతుతోనే అనేది. అందరం నవ్వేవాళ్ళం.

నాలుగో స్కాన్‌కి ఇంకో వారం ఉందనగా ఒక ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో నేనూ అత్తయ్యా మిగిలాం. చిలక కుట్టిన బట్టలు ఇచ్చి రావడానికి వెళ్ళింది. ముందురోజే నన్ను స్కాన్ విభాగానికి ఇన్‌ఛార్జిని చేశారు. అందరి ముందూ చెప్తే చిలక గోలలో నా మాట కొట్టుకుపోతుందని దాచిపెట్టుకున్నాను. ఎదురెదురుగా కూర్చుని తింటున్నప్పుడు చెప్పాను.

అత్తయ్య ముఖం విప్పారింది. "ఇన్నాళ్ళకు నీ విలువ తెలిసిందన్నమాట వాళ్ళకి. చాలా సంతోషమే" అంది. అంటూ చిలక కుర్చీ వైపు చూసింది. కుర్చీ ఖాళీ.

మనిషి లేకపోయినా కుర్చీకే నాకంటే ఎక్కువ మర్యాదా అనిపించింది. పదకొండేళ్ళది ఒక్కసారిగా పైకి తన్నుకొచ్చింది.

"చిలక లేదు అత్తయ్యా. ఆ ఖాళీ కుర్చీలో మీకు ఏం కనిపిస్తోంది?" అన్నాను.

"నువ్వు" అంది ఆవిడ.

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"నిన్ను తిన్నగా చూస్తే నీ ముఖం ఉండదే. జుట్టుంటుంది, భుజాలుంటాయి, మధ్యలో బూడిదరంగు మరక. కాస్త అటు చూస్తే వస్తావు."

"ఎప్పటి నుంచి?"

"ఏడాది అవుతుందేమో. మొదట్లో ఇంత లేదు. నీ గళ్ళ కాగితం కూడా అలా పక్కకు చూసే చెప్తున్నా."

"నాకెందుకు చెప్పలేదు?"

అత్తయ్య నిజంగానే ఆశ్చర్యపోయింది. "నువ్వే కదా మూడుసార్లు మిషన్లో పెట్టి చూశావు. నువ్వేమీ అనలేదు. నీకు కనిపించనిది నాకేం తెలుస్తుంది, ముసలితనం అనుకున్నా."

అప్పుడు కూడా నేను అడిగింది ఏమిటంటే, "మరి చిలకని ఎలా చూస్తారు?" అని. నా బుద్ధి అలాంటిది.

"దాన్ని చూడ్డం ఎందుకు, అది వినిపిస్తూనే ఉంటుందిగా" అని నవ్వింది. "నువ్వే నోరు విప్పవు. అలిగావో, అలిసిపోయావో తెలియాలంటే నీ ముఖమే వెతుక్కోవాలి."

మర్నాడు అందరికంటే ముందు ఆసుపత్రికి వెళ్ళి మూడు స్కాన్లూ పక్కపక్కన తెరిచాను. ధ్యాస లేని కన్ను ఒకసారి అటు, ఒకసారి ఇటు పోతుంది. ఈ కన్ను మూడుసార్లూ ఒకే దిక్కుకు జరిగింది, ఏ సారికాసారి ఇంకొంచెం ఎక్కువగా. నడిమి చోటు పనిచెయ్యక, పక్క చోటుతో చూడ్డం నేర్చుకుంటున్న కన్ను అలా చేస్తుంది. ఈ ముక్క నేను కొత్తవాళ్ళకు పాఠంగా చెప్తాను. మూడో స్కాన్ తేదీ చూశాక ఇంకో సంగతి గుర్తొచ్చింది. ఆ రోజు చిలకకు జ్వరం. అత్తయ్యను మా ఆయన గేటు దగ్గర దింపి వెళ్ళాడు. తలుపు పక్క కుర్చీలో ఉన్నది నా చేతిసంచి. పచ్చకామెర్ల వాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందంటారు. నాకు సంచి కూడా చిలకలాగే కనబడింది.

స్కాన్‌లో రిపోర్టుకెక్కని అంచు గీతలు ఒక్కొక్కటే తిప్పాను. అసలు నడిమి చోటు అక్కడ ఉంది. మొదటి దానిలో తెల్ల చుక్కలు. రెండో దానిలో పొర పలచబడింది. మూడో దానిలో అడుగున సన్నగా, నల్లగా నీరు.

డాక్టరమ్మ రాగానే అన్నీ చూపించాను. కింద నా చేతిరాత కూడా చూపించి, ఎందుకలా రాశానో చెప్పాను. చెప్పకుండా ఉండాలని లిఫ్టు దగ్గర అనుకున్న మాట నిజం. ఆవిడ మూడు స్కాన్లూ తనే ఇంకోసారి తిప్పి చూసింది.

"నువ్వు రాశావని నేను మిగతా గీతలు తిప్పలేదు. ఇందులో నా తప్పు కూడా ఉంది" అంది. తర్వాత, "నీటికి ఇంజెక్షన్ ఉంది. పలచబడిన చోటు మాత్రం తిరిగి రాదు. మూడు నెలల ముందే..." అని ఆపేసింది.

ఆ మధ్యాహ్నమే అత్తయ్యను పిలిపించి, ఈసారి గీతల్ని ఉండాల్సిన చోటికి జరిపి తీశాను. కంట్లో మొదటి ఇంజెక్షన్ ఆ సాయంత్రమే పడింది. ఇకనుంచి నెలకొకటి.

ఇంటికొచ్చాక వంటగదిలో చిలకకు చెప్పాను. తను చాలాసేపు మాట్లాడలేదు, అదే ఒక వింత. చివరికి, "ఏడాదిగా నన్నే చూస్తున్నారని ఎంత మురిసిపోయానో అక్కా" అంది. నిజం చెప్పొద్దూ, ఆ మాట వినగానే నాకు సంతోషం వేసింది. ఒక్క క్షణమే. ఆ క్షణం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అత్తయ్యకు కూడా చెప్పాను, ఆవిడ మంచం పక్కన కూర్చుని. నా కుళ్ళుబోతుతనం వల్ల మీ కన్ను పాడైందన్నాను. ఆవిడ నా చెయ్యి తన చేతిలోకి తీసుకుంది, కాసేపటికి వదిలేసింది. క్షమించిందని నేను అనుకోలేదు.

మూడో ఇంజెక్షన్ అయిన మర్నాడు అందరం భోజనానికి కూర్చున్నాం. నీరు తగ్గిందని డాక్టరమ్మ చెప్పింది. మిగిలిన చూపు నిలబడొచ్చంది. చిలక ఎవరిదో జాకెట్టు పాడైన కథ చెప్తోంది. నేను మామూలుగా తల వంచుకుని తింటున్నాను.

"పెద్దమ్మాయ్" అంది అత్తయ్య.

తలెత్తాను. ఆవిడ నిటారుగా కూర్చుని, తల కూడా కదపకుండా, తిన్నగా నా కళ్ళలోకి చూస్తోంది.

"ఇన్నాళ్ళూ నీ వైపు చూడలేదనేగా నీ బాధ. ఇదిగో, చూస్తున్నా. సరేనా?"

చిలక కథ ఆగిపోయింది. ఆ చూపు కోసం నేను పదకొండేళ్ళు పడి చచ్చాను. ఇప్పుడది నా ముఖం మీదే ఉంది. అందులో నేను లేను, ఒక బూడిదరంగు మరక ఉంది. నన్ను సంతోషపెట్టడానికి ఆవిడ నన్ను చూడ్డం మానుకుని కూర్చుంది.

"అటు చూడండి అత్తయ్యా" అన్నాను. "చిలక వైపు చూడండి."