గోడ చూపిన ఉత్తరం

నేను ఒక మూడుకాళ్ళ ఇనప పీటను. దుర్భిణి నా నెత్తిన కూర్చుంటుంది. పేరు దానిది, బరువు నాది.

నన్ను తయారుచేసిన లేతు మిషను మేస్త్రి చివరి మర బిగించి, నా ఇరుసు మీద తట్టి, "దీన్ని ధ్రువ నక్షత్రం వైపు పెడితే చాలు. ఆకాశంలో ఏది ఎక్కడున్నా ఈ అంకెల బిళ్ళలు చూసి పట్టుకోవచ్చు" అన్నాడు. మాట తేలికే. ఉత్తరం మాత్రం మనిషికో చోట ఎందుకుంటుందో నాకు అంతుబట్టలేదు. నన్ను మొదట కొన్న కాలేజీ లెక్చరరు దిక్సూచి చూసి నిలబెట్టాడు. పక్కనే ఇనప బీరువా. ముల్లు బీరువాకేసి చూసింది, నేనూ అటే చూశాను. ఎంత వెతికినా గురుడు దొరక్క, తప్పు నాదేనని నన్ను అదే బీరువాలో పెట్టి తాళం వేశాడు. పదకొండేళ్ళు.

ఆ తర్వాత పాత సామానుతో పాటు ఈ ఊరి హైస్కూలుకు వచ్చి పడ్డాను. లెక్కల మాస్టారు మీరావలి సారు తుప్పు గీకి, కిరసనాయిలు పూసి, నా అంకెలు తేల్చాడు. బడి ఊడ్చే నాంచారమ్మ చీపురు పట్టుకుని చూస్తూ నిలబడింది.

"ఇందులో శనీశ్వరుడు కనబడతాడా సారూ?"

"కనబడతాడు. నీకెందుకు?"

"ఏడేళ్ళుగా నెత్తినెక్కి తొక్కుతున్నాడు. మొగుణ్ణి తీసుకుపోయాడు, ఒక కన్ను తీసుకుపోయాడు. రెండోది ఈ ఎండాకాలం దాటదన్నాడు పట్నం డాక్టరు. అది ఉండగానే వాడి మొహం చూడాల."

సారు గ్రహాల చోట్లు చెప్పే పుస్తకం తిరగేశాడు. శని పొద్దు వెనకాలే కుంగుతున్నాడు. ఇంకో వారమైతే సూర్యుడి వెలుగులో కలిసిపోతాడు. మళ్ళీ తేటగా చూడాలంటే వానాకాలమే.

సందె వెలుగులో శని కంటికి ఆనడు. నా అంకెలే దిక్కు. ధ్రువ నక్షత్రమా, రైసుమిల్లు షెడ్డు చాటున. అందుకని సారు నన్ను బడి కొత్త గది గోడకు సమాంతరంగా నిలబెట్టాడు. "వాస్తు చూసి కట్టిన గోడ. వెంట్రుకవాసి తేడా ఉండదు" అన్నాడు.

అంకెలు కలిశాయి. శని లేడు. రెండో రోజూ లేడు. మూడో రోజు సారు పుస్తకాన్ని అనుమానించాడు, చేతి గడియారాన్ని అనుమానించాడు, చివరికి నన్నూ. నాకే నా మీద నమ్మకం పోయింది. అంకెలు ఇక్కడే అంటాయి, ఆకాశం కాదంటుంది. ఎవరి మాట వినాలి?

నాలుగో రోజు నాంచారమ్మ అడిగింది. "రోజూ దీన్ని ఆ గోడ పక్కనే ఎందుకు పెడతారు?"

"ఉత్తరం కోసం."

ఆమె పకపకా నవ్వింది. "ఆ గోడా! ఈశాన్యం పెరగాలని వాస్తు పంతులు పట్టుబడితే, తాపీ మేస్త్రి ఆ మూల దారం మూరెడు తూర్పుకి జరిపాడు. సిమెంటు తట్టలు మోసింది నేనేగా! నన్నడగొచ్చుగా సారూ!"

సారు వెంటనే టేపు తెచ్చాడు. ఇరవై అడుగుల గోడ, మూరెడు వాలు. సుద్దతో నేల మీద గీత గీసి, నా ముందుకాలు పడమటికి జరిపాడు. అంకెలు మళ్ళీ పెట్టాడు. లేడు. దుర్భిణిని ఒక పిసరు కిందికి దించాడు.

"ఆఁ! రా, రా నాంచారమ్మా!"

ఆమె వంగి మంచి కన్ను ఆనించింది.

"ఇంతేనా! ఆవగింజంత లేడు. మళ్ళీ నడుముకి వడ్డాణం ఒకటి! ఏం సోకురా నీకు!" అంది. కాసేపటికి, "సారూ, పక్కకి జరిగిపోతున్నాడు."

"భూమి తిరుగుతుంది కదా. ఉండు, ఈ మర తిప్పితే మళ్ళీ మధ్యకొస్తాడు."

నాంచారమ్మ కన్ను తియ్యకుండానే చెయ్యి చాచి ఆయన మణికట్టు పట్టుకుంది.

"వద్దు సారూ. పోయేవాణ్ణి పిలవకండి."

మీరావలి సారు నా మర వదిలేశాడు. ఆమె అంచుదాకా వాణ్ణి సాగనంపింది.