సేమియా చెవి వెనక చుక్క

నా నోరు ఊరుకోదు. ఇది మా ఆయన మాట, మా అత్త మాట, షార్జా అల్ నహ్దాలో మా బిల్డింగ్ వాచ్‌మన్ మాట కూడా. లిఫ్టు ఆగిపోతే వాచ్‌మన్‌తో, టమాటాలు మెత్తబడితే కొట్టువాడితో, కరెంటు బిల్లు పెరిగితే ఫోన్ ఎవరెత్తితే వాళ్ళతో మాట్లాడేది నేనే. మా ఆయన యాసీన్ ఇండస్ట్రియల్ ఏరియాలో టైర్ల షాపులో పని చేస్తాడు. రోజంతా హిందీ, అరబ్బీ, మలయాళం విని విని ఇంటికొచ్చాక కాస్త నిశ్శబ్దం కావాలంటాడు. మా ఇంట్లో అది దొరకదు.

అలాంటి నా కడుపున పుట్టిన పిల్ల బయట నోరు విప్పదు. ఫైజాకు తొమ్మిదేళ్ళు. ఇంట్లో గలగలా వాగుతుంది, గడప దాటితే ఖలాస్. కరోనా రోజుల్లో బడి అంతా మైక్ ఆపేసుకుని ల్యాప్‌టాప్ ముందు కూర్చుని గడిపింది. బడి తలుపులు తెరిచాక కూడా దాని మైక్ తెరుచుకోలేదు. హాజరు పిలిస్తే చెయ్యి ఎత్తుతుంది తప్ప పలకదు. "పై క్లాసులో నోటి పరీక్షలుంటాయి, ఇలాగే ఉంటే ఇంకో ఏడాది ఇదే క్లాసులో ఉంచాల్సి వస్తుంది" అని టీచరు అన్నప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది. మా పిల్లకు ఏమేం వచ్చో, ఎంత బాగా వచ్చో దాని తరఫున నేనే గుక్క తిప్పుకోకుండా చెప్పాను. పిల్ల నా పక్కనే నిలబడి తన బూట్లు చూసుకుంటూ ఉంది. బయటికొచ్చాక నెమ్మదిగా అంది.

"అన్నీ నువ్వే చెప్పేస్తావు గదమ్మా."

నాకు ఇంకా కోపమొచ్చింది. నేను చెప్పకపోతే ఎవరు చెబుతారు?

ఆ రోజుల్లోనే సేమియా మా ఇంటికి వచ్చింది. పక్క ఫ్లాట్ కౌశిక్ వాళ్ళు ఇండియాకు వెళ్ళిపోతూ బోనుతో సహా దాన్ని ఫైజా చేతిలో పెట్టారు. తెల్లటి ఒళ్ళు, నడుం మీద మాత్రం నేతిలో వేయించిన సేమియా రంగు. తోక లేని ఎలుక అనుకున్నాను నేను. ఎలుక కాదు, గినీ పిగ్ అని ఫైజా సరిదిద్దింది. ఫ్రిజ్ తలుపు చప్పుడైతే చాలు, దోసకాయ ముక్క కోసం విజిల్ వేసినట్టు అరిచేది. ఫైజా బడి నుంచి వచ్చి, పగలంతా దాచుకున్న మాటలన్నీ దాని ముందు కుమ్మరించేది.

చలికాలం మొదట్లో మా అత్త, ఫైజా వాళ్ళ జేజి సైదున్నీసా విజిట్ వీసా మీద రాయచోటి నుంచి వచ్చింది. పిగ్ అంటే పంది అని ఎవరో చెప్పేసరికి ఆమె మొహం మాడిపోయింది. యాసీన్ గంటసేపు నచ్చజెప్పాక, "పేరుదేముందిలే, తినేది గడ్డే గదా" అని తనకు తానే సర్దుకుంది. అయినా దాన్ని పందికొక్కు అనే పిలిచేది. బోను దగ్గరికి పోయేది కాదు. గడ్డి పరకలు హాల్లో పడితే చీపురు పట్టుకుని సణిగేది.

గడ్డి కొనే షాపులో గోడకు అంటించిన కాగితం చూపించి ఫైజా నా చెయ్యి లాగింది. కుందేళ్ళు, గినీ పిగ్‌లు పెంచేవాళ్ళు కలిసి షార్జాలోనే ఒక షో పెడుతున్నారట. మొదటిసారి వచ్చే పిల్లలకు వేరే క్లాసు. షాపు నడిపే మలయాళీ ఆయన వివరంగా చెప్పాడు. జాతి ఏదైనా పర్వాలేదు, ఒళ్ళు శుభ్రంగా ఉండాలి, గోళ్ళు కత్తిరించి ఉండాలి, పేలు ఉండకూడదు, జడ్జి ఎత్తుకుంటే బెదరకూడదు. ఒంటి మీద రంగుగానీ పౌడరుగానీ వెయ్యకూడదు. జడ్జి అడిగే ప్రశ్నలకు తెచ్చిన పిల్లే జవాబు చెప్పాలి. పెద్దవాళ్ళు తాడు అవతలే నిలబడాలి, అందించకూడదు.

"నేను పోతా" అంది ఫైజా.

"అక్కడ నువ్వే మాట్లాడాలంట."

"ఇన్న్యా" అంది. విన్నాననే.

నాలో ఆశ పుట్టింది. ముక్కూ మొహం తెలియని మనిషి ముందు ఈ పిల్ల ఒక్కసారి గొంతెత్తితే చాలు, మిగతాదంతా అదే వస్తుందనుకున్నాను. కప్పు, రిబ్బను ఎవరికి కావాలి?

ఇక చూడాలి మా ఇంట్లో హడావిడి. వీడియోలు చూసి ఫైజా సేమియా గోళ్ళు కత్తిరించడం నేర్చుకుంది. షోకు ముందురోజు స్నానం చేయిస్తే ఒంటి మీది సహజమైన మెరుపు పోతుందని వారం ముందే పసిపిల్లల షాంపూతో రుద్దింది. మా అత్త కొబ్బరినూనె సీసా తెచ్చి, "ఆరిపోయి ఉండాది, రోంత పూయి మే" అంటే, ఫైజా బోనుకు అడ్డం నిలబడింది. రోజూ సేమియాను టేబుల్ మీద టవల్ వేసి కూర్చోబెట్టి అలవాటు చేసింది. నేను జడ్జినై అడిగేదాన్ని. ఏం తింటుంది? గోళ్ళు ఎన్నాళ్ళకు కత్తిరిస్తావు? టకటకా చెప్పేది. కానీ నేను అమ్మను, జడ్జిని కాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

షో ఆదివారం. యాసీన్‌కు డ్యూటీ. ట్యాక్సీ కోసం నేను ఫోన్‌తో కుస్తీ పడుతుంటే మా అత్త కాటుక డబ్బీ తీసుకుని ఫైజా జుట్టు పక్కకు తోసి చెవి వెనక చుక్క పెట్టింది. పిల్ల గడప దాటే ప్రతిసారీ ఆమె చేసే పనే అది. "యల్లా యల్లా, పదండి" అని నేను కేకేస్తే ఇద్దరూ బోను మోసుకుని వచ్చారు.

హాలు నిండా జనం. నేల దాకా జుట్టున్న గినీ పిగ్‌లను చూసి మా అత్త, "వీటికి జడలెవురు ఏస్తారు మే" అని అడిగింది. తెల్లకోటు వేసుకున్న జడ్జి ఇంగ్లీషు ముసలామె, కళ్ళజోడు గొలుసుతో మెడలో వేలాడుతోంది. ఒక్కొక్క పిల్లనూ పిలిచి నెమ్మదిగా మాట్లాడుతోంది.

మా ఫైజా వంతు వచ్చింది. సేమియాను రెండు చేతులతో, అడుగున చెయ్యి పెట్టి, నేర్చుకున్నట్టే ఎత్తి టేబుల్ మీద పెట్టింది.

"దీని పేరేమిటి?" అని ఇంగ్లీషులో అడిగింది జడ్జి.

ఫైజా నోరు తెరవలేదు.

జడ్జి ఎదురుచూసింది. ఎంత ఓపిగ్గా ఎదురుచూసిందో. సేమియా అని మూడక్షరాలే, నా నాలుక చివర ఉన్నాయి. చున్నీ కొంగు నోట్లో కుక్కుకున్నాను. చివరికి ఆమె పర్వాలేదన్నట్టు తలూపి సేమియా పళ్ళు చూసింది, పొట్ట తడిమింది, గోళ్ళు చూసింది. చెవి మడిచింది. అక్కడ ఆగిపోయింది.

తెల్ల కాగితం తీసి చెవి వెనక రుద్దింది. కాగితం నల్లబడింది.

"ఇదేమిటి? రంగా? ఇక్కడ చర్మం మీద ఏదైనా దాస్తున్నారా?" అంది. గొంతు పెంచలేదు గానీ మొహంలో ఇందాకటి మెత్తదనం లేదు.

పక్కకు తిరిగి, "అత్తా, దానికి గూడా పెట్న్యావా?" అన్నాను.

"పెట్టినా. ఇంతమంది చూస్తాండారు, ఎట్ల పెట్టకుండా ఉండేది?"

"రంగు ఏస్తే పోటీలోంచి తీసేస్తారు అత్తా. నువ్వు చేసిన పనికి పిల్ల మాట పడతాంది ఆడ."

తాడు ఎత్తబోయాను. మా అత్త నా మణికట్టు పట్టుకుంది. ఎముకలే ఉన్న చెయ్యి, కానీ వదిలించుకోలేకపోయాను.

"పోవాకు" అంది. "నువ్వు పోతే అది మల్లా నోరు మూస్తాది."

"తప్పు నీది గదా."

"నాదే. ఆ బిడ్డ ముందర నా పరువు పోతే పోనీ. నువ్వు మాత్రం పోవాకు."

ఫైజా వెనక్కి తిరిగి నా వైపు చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. రా అమ్మా, చెప్పు అమ్మా అని. ఈ ఏళ్ళలో ఆ చూపుకు నేను వెళ్ళకుండా ఉన్నది లేదు. ఇప్పుడు తల దించుకున్నాను. నా బిడ్డను నేనే గాలికి వదిలేసినట్టనిపించింది. జన్మలో అంత కష్టమైన పని ఇంకోటి చెయ్యలేదు.

"రంగు కాదు" అని వినిపించింది.

ఎవరి గొంతో అనుకున్నాను. జడ్జి ముందుకు వంగింది. "మళ్ళీ చెప్పు."

"రంగు కాదు. కాటుక. మా జేజి పెట్టింది. ఎవరి కన్నూ తగలకుండా."

"కానీ ఇక్కడ వెంట్రుకలు లేవు. అది కనబడకుండా కప్పారా?"

ఫైజాకు కోపం వచ్చింది. వీపు బిగుసుకున్న తీరు చూసే తెలిసింది నాకు, అచ్చం నా పోలికే. "చెవి వెనక ఏ గినీ పిగ్‌కీ వెంట్రుకలు ఉండవు. మీకు తెలుసు కదా. తెలిసి ఎందుకు అడుగుతున్నారు?" అంది. ఇంగ్లీషు తడబడింది, గొంతు మాత్రం తడబడలేదు. జుట్టు పక్కకు లాగి తన చెవి మడిచి చూపించింది. "నాకు కూడా ఉంది, చూడండి. నాకే జబ్బూ లేదు. ఇది జేజి తనకు ఇష్టమైనవాళ్ళకే పెడుతుంది. సేమియా అంటే జేజికి పడదని మా ఇంట్లో అందరూ అనుకున్నారు. నేను కూడా అనుకున్నాను."

జడ్జి కళ్ళజోడు పెట్టుకుని, సేమియా చెవిని ఎంత శ్రద్ధగా చూసిందో ఫైజా చెవినీ అంతే శ్రద్ధగా చూసింది.

"నీ మాట నమ్ముతున్నాను. కానీ ఒంటి మీద ఏది పూసినా పోటీలోంచి తీసెయ్యాలి. నీకోసం రూల్ మారిస్తే మిగతా పిల్లలకు అన్యాయం."

"అంటే డిస్క్వాలిఫైనా?"

"అవును."

ఏడుస్తుందనుకున్నాను. అది ఆలోచిస్తోంది.

"వచ్చేసారి పాదం కింద పెట్టవచ్చా? మా ఊళ్ళో పసిపిల్లలకు అరికాల్లో కూడా పెడతారు."

"పాదాలు కూడా చూస్తాను నేను."

"అయితే బోనుకు?"

ముసలామె నిజంగానే ఆలోచనలో పడింది. "బోను గురించి రూలేమీ లేదు" అంది చివరికి, నవ్వు ఆపుకుంటూ. తర్వాత ఏం తింటుందని, ఎందుకు విజిల్ వేస్తుందని ఏదేదో అడిగింది. తీసేసిన దానికి ఇవన్నీ ఎందుకో నాకు తెలియలేదు. ఫైజా అన్నీ చెప్పింది. వెనక పిల్లలు విసుక్కునేదాకా చెప్పింది.

తాడు కింద నుంచి దూరి వచ్చి నేరుగా మా అత్త దగ్గరికి పోయింది. "జేజీ, బోనుకు పెట్టచ్చంట."

మా అత్త మూతి ముడుచుకుంది. "పందికొక్కుకు ఎన్ని సోకులో" అంటూనే సేమియాను మొదటిసారి చేతుల్లోకి తీసుకుంది. వెతికి వెతికి, దాని చెవి వెనక మిగిలిన నలుపును కొంగుతో తుడిచింది. ఫైజాది తుడవలేదు. 

తిరుగు ట్యాక్సీ పెషావర్ ఆయనది. అద్దంలోంచి బోను చూసి, "యే క్యా హై, చూహా?" అని అడిగాడు, ఎలుకేమో అనుకుని.

అలవాటు కొద్దీ నోరు తెరిచాను. తెరిచి మూసుకున్నాను.

ఫైజా రెండు సీట్ల మధ్య నుంచి ముందుకు వంగింది. "చూహా నహీ అంకుల్, గినీ పిగ్ హై. ఆజ్ డిస్క్వాలిఫై హువా" అంది, ఛాతీ విరుచుకుని.

అదేదో పెద్ద బహుమతి అనుకున్నాడు పాపం. "మాషా అల్లా, బేటీ" అన్నాడు.

అక్కణ్ణుంచి ఇల్లు చేరేదాకా ఆయనకు మొత్తం కథ చెప్పింది. సగం హిందీ, సగం ఇంగ్లీషు, మధ్యలో తెలుగు. చాలా చోట్ల తప్పులు చెప్పింది, కొన్ని చోట్ల లేనివి కలిపింది. ఒక్కటి కూడా నేను దిద్దలేదు. కిటికీ వైపు తిరిగి కూర్చుని, కళ్ళు తుడుచుకుంటూ వింటున్నాను.