పైవాటా చుట్టాలు

తప్పు మీది. అవును, మీదే. పైవాటాలో నలుగురికి మించి దిగకూడదని కాగితం అచ్చువేయించి తలుపుకి అతికించి, ఆఫీసు కుర్చీలో కూర్చుని ఫోన్లో తొమ్మిది మందికి సరే అన్న మీది. "ఇంట్లో ఉండేదేగా, తుడిస్తే ఏం అరిగిపోతుంది" అన్న మీ అమ్మదీ, మీ అక్కదీ, గోడ మీంచి తొంగిచూసే పక్కింటావిడదీ. బూట్లేసుకుని పరుపు మీద దొర్లినవాడి సంగతి తర్వాత చూద్దాం. వాడు ఒక రాత్రికి వచ్చినవాడు, తెల్లారితే పోతాడు. మీరు పోరు.

ఈ మాటలు ఆమె పైకి అనలేదు. పెరటి కొళాయి దగ్గర పీట మీద కూర్చుని, తెల్ల తువ్వాలుకి ఎవరో పూసిపోయిన జుట్టురంగుని రుద్దుతూ లోపల్లోపల మొగుణ్ణి అంటోంది. తువ్వాళ్ళకి రంగులు అంటించొద్దని ఆ కాగితంలో ఉంది. గదిలో సిగరెట్టు వద్దని ఉంది. చెప్పులు బయట విడవమనీ, కిందివాటాలోకి రావద్దనీ, పొద్దున పదింటికల్లా ఖాళీ చెయ్యమనీ అన్నీ ఉన్నాయి. రాసింది మొగుడు. పాటించాల్సింది దిగినవాళ్ళు. వాళ్ళు పాటించకపోతే వంగి తుడవాల్సింది ఈమె. ఆ ఆఖరిది మాత్రం కాగితంలో ఎక్కడా లేదు.

పైవాటా రోజు అద్దెకిద్దామన్న ఆలోచన ఆయనదే. ఆఫీసులో ఎవరో ఇచ్చి బాగుపడ్డారట. "ఏముందీ, ఫోన్లో నాలుగు ఫొటోలు పెట్టడమే. మనం కదలక్కర్లేదు" అన్నాడు. నిజమే, ఆయన కదల్లేదు. దుప్పట్లూ దిండు గలీబులూ చంకన పెట్టుకుని మెట్లెక్కి దిగి, ఎక్కి దిగి, ఆమె మోకాలు పట్టేసింది. బామ్ రాసుకుంటూ ఉంటే చూసి "కాస్త కదిలితే ఒంటికి మంచిదే" అన్నాడు. ఫోన్లో ఇంటి ఫొటోల పక్కన పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూ ఆయన ఫొటో ఉంటుంది. దిగినవాళ్ళంతా దాని కింద పొగిడి పోతారు, ఎంత మర్యాదస్తులో, ఏం అడిగినా కాదనరని. కాదని ఎందుకంటాడు? అవుననడానికి నోరు చాలు, మిగతాదానికి పెళ్ళాం ఉంది. ఆమె ఎప్పుడైనా గట్టిగా మాట్లాడితే మాత్రం భయపడిపోతాడు. "వాళ్ళతో నవ్వుతూ ఉండు. ఒక్కడు చెడ్డగా రాశాడంటే ఇంకెవరూ రారు." రాకపోతే బాగుండునని ఆమె ఎన్నిసార్లు అనుకుందో ఆయనకి తెలీదు. అడగలేదు కాబట్టి తెలీదు.

ఒకసారి ఒకావిడ వెళ్తూ వెళ్తూ ఈమె చేతిలో ఒక నోటు కుక్కి, "సార్ ముందే చెప్పారు, మనిషి ఉంటుంది, ఎప్పుడు పిలిచినా వస్తుందని. నిజంగానే ఎన్నిసార్లు పిలిచినా వచ్చావు" అని భుజం తట్టింది. సాయంత్రం ఆ మాట చెబితే ఆయన పడీ పడీ నవ్వాడు. "మనిషన్నానే గానీ దెయ్యం అన్లేదుగా." అత్తగారు నవ్వింది. ఈమె కూడా నవ్వింది. ఇప్పటికీ మింగుడుపడనిది అదే. వాళ్ళు నవ్వినందుకు కాదు, వాళ్ళతో కలిసి తను నవ్వినందుకు.

ఇవాళ ఆమె ఉద్యోగంలో చేరాలి. పెళ్ళికి ముందు రక్తపరీక్షల ల్యాబులో పనిచేసేది. పన్నెండింటికి రమ్మన్నారు. పోయినసారి ఇలాగే రమ్మంటే, పైన దిగినవాళ్ళు షవరు విరగ్గొట్టారని ప్లంబరు కోసం ఇంట్లో ఆగిపోయింది. మర్నాడు వెళ్తే ఆ కుర్చీలో ఇంకో అమ్మాయి కూర్చుని ఉంది. ఆ అమ్మాయి ఇప్పుడు వేరే ఊరు వెళ్ళిపోతుంటే ల్యాబు మేడమే ఫోన్ చేసింది. "ఈసారి రేపొస్తానని మాత్రం అనకమ్మా. రేపొచ్చేవాళ్ళు నా దగ్గర చాలామంది ఉన్నారు" అంది. మూడో పిలుపు ఉండదని ఆమెకి తెలుసు.

పది దాటింది. పైన పాటలు ఆగలేదు. తువ్వాలు నీళ్ళలో వదిలేసి చేతులు తుడుచుకుని మెట్లెక్కింది. తలుపు దగ్గర చెప్పులు లేవు, అంటే అన్నీ లోపలే ఉన్నాయి. సిగరెట్టు కంపు. ముందుగదిలో కింద పరుపులు, పరుపుల మీద మనుషులు, మనుషుల మీద తడి తువ్వాళ్ళు. ఎవరిదో పెళ్ళికి వచ్చిన కుర్రకారు. ఒక అమ్మాయి అద్దం ముందు జుట్టు ఆరబెట్టుకుంటోంది. గడ్డం కుర్రాడొకడు లేచి వచ్చాడు.

"ఖాళీ చెయ్యాలి కదమ్మా" అంది ఈమె.

"సార్‌కి మెసేజ్ పెట్టాం అక్కా. రెండింటిదాకా ఉండమన్నారు." ఫోన్ చూపించాడు. సరే, పర్వాలేదు, హాయిగా ఉండండి అని ఉంది. దాని పక్కన ఒక నవ్వు బొమ్మ. "అన్నట్టు అక్కా, బాత్రూంలో నీళ్ళు పోవట్లేదు. ఏదో అడ్డం పడినట్టుంది. కాస్త చూస్తారా?"

ఆమె మెట్ల మీదే నిలబడి మొగుడికి ఫోన్ చేసింది.

"అవునే, అడిగారు, సరే అనేశాను" అన్నాడాయన. "రాత్రంతా పెళ్ళిలో అలిసిపోయారట పాపం."

"నేను పన్నెండింటికి ల్యాబులో ఉండాలి."

"రేపు చేరతానని చెప్పు. ఒకరోజు అటూ ఇటూ అయితే కొంపలేం మునగవు. అసలు నువ్వు ఉండాలి కూడా, కొత్తవాళ్ళు ఒంటిగంటకే వస్తామన్నారు."

"వీళ్ళు రెండింటిదాకా ఉంటే వాళ్ళు ఒంటిగంటకి ఎక్కడ దిగుతారు?"

అటువైపు ఎవరో ఫైలు గురించి అడగడం, ఆయన "వస్తున్నా సార్" అనడం వినిపించింది. తర్వాత గొంతు తగ్గించి, ముద్దుగా అన్నాడు.

"నువ్వేదో ఒకటి చూస్తావుగా."

అది ఆయన నోట్లో అరిగిపోయిన మాట. గ్యాసు అయిపోయినా అదే, అమ్మకి జ్వరమొచ్చినా అదే, చుట్టాల్ని చెప్పాపెట్టకుండా వెంటబెట్టుకొచ్చినా అదే. ఇన్నేళ్ళూ ఆమె దాన్ని మెచ్చుకోలు అనుకుంది. నా మీద ఎంత నమ్మకమో అనుకుని పొంగిపోయి, చీపురు పట్టుకుంది. ఇవాళ మెట్ల మధ్యలో నిలబడితే, కింద అత్తగారి గది, పైన పెళ్ళి గోల, నడుమ తను, ఆ మాట అసలు రంగు కనిపించింది. ఎవరి బరువో తెచ్చి నెత్తిన పెట్టి, అబ్బ ఎంత బలమో అనడం.

కిందికి దిగేసరికి అత్తగారు భుజాన తువ్వాలుతో తన బాత్రూం ముందు నిలబడి ఉంది. తలుపు లోపల గడియ. లోపల ఎవడో కూనిరాగం తీస్తున్నాడు.

"ఎవరే లోపల? నువ్వు ఇక్కడుంటే లోపలెవరు?"

తలుపు తెరుచుకుంది. నడుముకి తువ్వాలు చుట్టుకున్న పిల్లాడు, జుట్టు కారుతోంది. "సారీ మామ్మగారూ. పైన నీళ్ళు పోవట్లేదని సార్‌ని అడిగితే, కింద వాడుకోమన్నారు." పాదాల తడి నేలంతా అచ్చుపోస్తూ మెట్లెక్కి పోయాడు.

అత్తగారు ఆ తడి పాదాల వంక చూసింది. తన సబ్బు వంక చూసింది. ఈ పైవాటా మొదలైనప్పటి నుంచీ ఆవిడ కొడుకు పక్షమే. "ఇంటికొచ్చినవాళ్ళని మాటనకూడదే" అని కోడలికి చెప్పింది ఆవిడే. "మా రోజుల్లో వచ్చేపోయేవాళ్ళకి లెక్కే లేదు, మేం నోరెత్తామా" అన్నదీ ఆవిడే.

"నా బాత్రూం వాడుకోమని చెప్పడానికి వాడెవడే?" అంది ఇప్పుడు. "నన్నో మాట అడగక్కర్లేదా?"

"నన్నూ ఎప్పుడూ అడగలేదు అత్తయ్యా."

ఆమె గొంతు పెంచలేదు. ఏడవనూ లేదు. ఉన్నమాట ఉన్నట్టు అంది, అంతే. అత్తగారు తువ్వాలు ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంది.

"నీ ఉద్యోగం ఎన్నింటికే?"

"పన్నెండింటికి."

"మరి ఇంకా ఈ నైటీలో ఏం చేస్తున్నావు? పోయి తయారవు. నీ కోసమేం కాదులే, నాకు ఒళ్ళు మండి చెప్తున్నా. వాణ్ణి రానీ. వాడికి బకెట్టు ఎక్కడుంటుందో కూడా తెలీదు, నేను చూపిస్తా."

ఆమె తయారైంది. చేతులకి జుట్టురంగు కాస్త మిగిలే ఉంది, ఎంత రుద్దినా పోలేదు. పోనీ అనుకుంది. ల్యాబులో గ్లవుజులు ఉంటాయి. మళ్ళీ పైకి వెళ్ళి తలుపు తట్టింది. ఈసారి జుట్టు ఆరబెట్టుకునే అమ్మాయి తీసింది.

"నేను బయటికి వెళ్తున్నాను" అంది ఈమె. "బాత్రూం సంగతీ, మీరు ఎప్పటిదాకా ఉంటారన్న సంగతీ సార్‌నే అడగండి. ఆయనొచ్చి చూసుకుంటారు."

గడ్డం కుర్రాడు ముఖం చిట్లించాడు. "మరి మీరు పనిచేసే..."

"నేను ఈ ఇంటి ఇల్లాలినయ్యా. ఇల్లు ఆయనది ఎంతో నాది అంతే. తలుపు మీద రాసినవి సరదాకి రాసినవి కావు. నలుగురన్నచోట తొమ్మిది మంది దిగితే ఆ గొట్టంలో నీళ్ళు ఎలా పోతాయి?"

అమ్మాయి ముఖం ఎర్రబడింది. "మాకు తెలీదక్కా. సార్ ఇబ్బందేం లేదన్నారు."

"ఆయనకి లేదమ్మా."

ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆమె వంక చూసి, వెనక్కి తిరిగి, పరుపు మీద పడుకున్నవాణ్ణి కాలితో తట్టింది. "లేవరా. ముందు ఆ బూట్లు విప్పు. నువ్వు ఆ గ్లాసులు కడుగు." ఆ మాట విని ఈమె మెట్లు దిగింది. వాళ్ళు కడిగారో లేదో ఆగి చూడలేదు. ఆగి చూడకపోవడం ఎంత తేలికో, గేటు దాటాక గానీ తెలియలేదు. బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. దారిలో మందుల షాపులు, సైకిలు రిపేరు కొట్టు, బడి గోడ. రోజూ ఉండేవే. కూరగాయల సంచీ లేకుండా, ఎవరికోసమూ పరుగెత్తకుండా ఆ వీధిని చూసి ఎన్నాళ్ళయిందో.

ల్యాబులో తెల్లకోటు కాస్త వదులు. మేడం గడియారం చూసి తలూపి, "వచ్చావు" అంది. ఆ ఒక్క మాటకే ఆమెకి కడుపు నిండింది. మొదట వచ్చింది ఒక ముసలాయన, సూది అంటే భయం, కళ్ళు మూసుకుని తన మనవరాలి కబుర్లు చెబుతున్నాడు. ఆమె వేలు నరాన్ని వెతుక్కుని దానంతటదే ఆగింది. చెయ్యి మరిచిపోలేదు. "అయిపోయిందా? తెలియనే లేదే" అన్నాడాయన కళ్ళు తెరిచి. ఆమె నవ్వింది. ఈ నవ్వుకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

దూది పారేస్తుండగా ఫోన్ మోగింది.

"ఎక్కడున్నావే నువ్వు? ఒంటిగంటవాళ్ళు సామాన్లతో గేటు ముందు నిలబడ్డారు, పైవాళ్ళు ఇంకా సర్దుతూనే ఉన్నారు, బాత్రూం నిండి నీళ్ళు బయటికొస్తున్నాయట. అమ్మేమో గేటుకి అడ్డంగా కుర్చీ వేసుకుని, అందర్నీ నాకే ఫోన్ చెయ్యమంటోంది. ఒక్కడు కాదు, అందరూ చేస్తున్నారు. నాకు తల తిరిగిపోతోంది."

"తిరుగుతుందండీ. నాకూ అలాగే ఉండేది."

"అలా అంటే ఎలా? ఇప్పుడేం చెయ్యమంటావు?"

ఇన్నేళ్ళలో ఆయన ఆ మాట అడగడం ఇదే మొదలు. అడిగినందుకు ఆమె చెప్పింది. మేడం వింటోందని గొంతు తగ్గించలేదు. తర్వాతి మనిషి కుర్చీలో కూర్చుని చొక్కా చెయ్యి మడుస్తున్నాడు.

"గేటు దగ్గరున్నవాళ్ళకి మీరే ఫోన్ చేసి 'తప్పు నాది' అని ఒప్పుకోండి. వాళ్ళకి ఇంకోచోట గది చూపించండి. సెలవు పెట్టండి, ఇంటికి వెళ్ళండి, ప్యాంటు మడిచి బాత్రూం కడగండి, అత్తయ్య దగ్గర క్షమాపణ అడగండి. ఇక మీదట ఆ ఫోన్లో నా ఫొటో కూడా ఉంటుంది, నేను ఊఁ అంటేనే ఎవరైనా మెట్లెక్కుతారు, ఎక్కినవాళ్ళు వెళ్ళాక ఒకసారి నేను కడిగితే ఒకసారి మీరు కడుగుతారు. ఒప్పుకోకపోతే పైవాటాకి తాళం వేద్దాం. అది రాత్రి మాట్లాడుకోవచ్చు. ఇప్పుడు మాత్రం లేవండి, ఆ కుర్చీలోంచి లేవండి."