ఆ రాత్రి నిద్రపోయినవాళ్ళు

మా అత్తగారు లక్ష్మీకాంతం గారికి పన్నెండేళ్ళుగా నిద్ర లేదు. ఆ సంగతి ఊరంతటికీ తెలుసు. ఆవిడ నిద్రపోతుందన్న సంగతి మాత్రం నాకొక్కదానికే తెలుసు. ఆ పన్నెండేళ్ళలో ఆరేళ్ళు ఆవిడ కాళ్ళు పట్టింది నేను.

రాత్రి గిన్నెలు కడిగి, పాలు తోడుపెట్టి, పెరటి వసారాలో ఆవిడ మంచం పక్కన కూర్చునేదాన్ని. "నిద్ర పట్టేదాకా పట్టవే మంగతాయారూ" అనేది. పావుగంటకి గురక మొదలయ్యేది. నేను చెయ్యి తీస్తే గురక ఆగేది. "అప్పుడే లేచావేం? నేను మేలుకునే ఉన్నాను" అనేది. తెల్లారాక ఎవరు పలకరించినా "రెప్ప మీద రెప్ప వెయ్యలేదమ్మా" అని చెప్పేది. మొదట్లో ఆవిడ అబద్ధం ఆడుతోందనుకున్నాను. ఒకసారి పడవలో ఏలూరు తీసుకెళ్ళి డాక్టరుకి చూపించాం. ఆయన నన్ను పక్కకి పిలిచి, "ఆవిడ అబద్ధం చెప్పడం లేదమ్మా. నిజంగానే అలా అనుకుంటోంది. నిద్ర సంగతి నిద్రపోయినవాళ్ళని అడగకూడదు, పక్కనున్నవాళ్ళని అడగాలి" అన్నాడు. పక్కనున్నది నేను. నన్ను ఎవరూ అడగలేదు.

మా ఆయన జోగారావు గారిది ఇంకో తరహా. "మంచమెక్కానంటే శవాన్నే. కొల్లేరు పొంగి ఇంట్లోకొచ్చినా కదలను" అని అందరికీ గొప్పగా చెప్పుకునేవారు. నెలకి మూడు నాలుగు సార్లు ఆ శవం లేచి నడిచేది. కళ్ళు తెరిచే ఉండేవి, కాని నన్ను చూసేవి కావు. పశువుల పాకలోకి వెళ్ళి ఎడ్లని విప్పబోయేవారు, పెరటి తలుపు తీసుకుని చేలోకి దిగేవారు. నేను చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకొచ్చి, పాదాలకంటిన బురద తడిగుడ్డతో తుడిచి పడుకోబెట్టేదాన్ని. పెళ్ళయిన ఏడాదిలో ఒకసారి ఆయనతో చెప్పాను. "నేను నిద్రలో నడవడమేంటి? నువ్వే కలగని ఉంటావ్" అని నవ్వారు. అత్తగారు నవ్వలేదు. "మా వంశంలో అలాంటి రోగాలు లేవు. మళ్ళీ ఆ మాట నోట్లోంచి వచ్చిందంటే నీ పెట్టె సర్దుకో" అంది. అప్పటినుంచి తడిగుడ్డని మంచం కిందే ఉంచుకున్నాను.

ఇక నేను. పగలు పప్పు రుబ్బుతూ రోటి మీదికి వాలిపోయేదాన్ని, బియ్యం ఏరుతూ చేటలో చెయ్యి పెట్టి అలాగే ఆగిపోయేదాన్ని. ఆ ఇంట్లో నా పేరు నిద్రమొహం. "రాత్రంతా పడుకున్నది చాలలేదు కాబోలు" అనేవారు మా ఆయన. ఈ ఇంట్లో రాత్రిళ్ళు మేలుకునేది నేనొక్కదాన్నే అని నాకో గర్వం ఉండేది. ఎవరికీ చెప్పని గర్వం.

ముప్పై ఆరో సంవత్సరం, మార్గశిరంలో, అత్తగారి కాసులపేరు పోయింది.

ముందురోజు గణపవరంలో పెళ్ళికి పెట్టుకెళ్ళింది. వచ్చాక చిన్న కర్రపెట్టెలో పెట్టి, పెట్టె తలాపున ఉంచుకుని వసారాలో పడుకుంది. పొద్దున్న పెట్టె ఉంది, పేరు లేదు. మునసబు కోదండరామయ్య గారికి కబురు వెళ్ళింది. ఆయన వచ్చి అరుగు మీద కూర్చుని, కాయితం తీసి, దొంగతనం ఎప్పుడు జరిగిందని అడిగారు.

అత్తగారు తడుముకోలేదు. "రాత్రి జరగలేదండీ. నాకు నిద్రెక్కడిది? తెల్లవార్లూ పెట్టె నా కళ్ళెదుటే ఉంది. పిల్లి కూడా రాలేదు. తెల్లారి నేను నూతి దగ్గరికి వెళ్ళినప్పుడు పెరట్లో ఉన్నది యేసమ్మొక్కతే."

యేసమ్మ మా పశువుల పాక ఊడ్చి పేడ ఎత్తే మనిషి. పదేళ్ళుగా పనిచేస్తోంది. ఆ పదేళ్ళలో ఒక్కసారి కూడా ఆమెని వసారా మెట్టు ఎక్కనివ్వలేదు. ఇప్పుడు ఎక్కిందన్నారు. మధ్యాహ్నం పడవలో ఏలూరు పోలీసు స్టేషనుకి పంపిద్దామని మునసబు గారు తేల్చారు. ఆమె మొగుడు యోబు వీధిలో తలపాగా చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. వాళ్ళ గుడిసె ఉన్నది మా చేలోనే. దాన్ని పీకించాలని మా ఆయన అప్పటికే అనేశారు.

పెరట్లో చింతమొద్దు మీద కూర్చోబెట్టిన యేసమ్మకి మంచినీళ్ళు తీసుకెళ్ళాను. దోసిలి పట్టింది. అరచేతులు రెండూ బొబ్బలెక్కి ఉన్నాయి.

"చేతులకేమైంది?"

"పరజ పిట్టలు దిగాయి గదమ్మగోరూ. మీ గోడెనకాల చేలోనే. కోతకొచ్చిన చేను, వదిలేస్తే తెల్లారేసరికి గడ్డే మిగుల్తాది. ఊరంతా కిరసనాయిలు డబ్బాలు వాయించాం. రెండు గంటలు పట్టింది, ఆ పిట్టల్ని లేపేసరికి. మీకు ఇనపళ్ళేదా?"

"వినపడింది" అన్నాను.

అన్నాను కాని, ఆ మాట దగ్గర ఆగిపోయాను. డబ్బాల మోత మొదలవడం నాకు బాగా గుర్తుంది. అత్తగారి ఎడమకాలు పడుతున్నాను. పరజలు దిగినట్టున్నాయి అనుకున్నాను. ఆ తర్వాత కోడి కూసింది. మధ్యలో రెండు గంటల మోత ఏమైంది? నా చేతులు తెల్లారేసరికి ఆవిడ కాళ్ళ మీదే ఉన్నాయి కనుక నేను మేలుకునే ఉన్నాననుకున్నాను. ఆవిడా పన్నెండేళ్ళుగా అలాగే అనుకుంటోంది. ఇన్నాళ్ళూ నేను లెక్కపెట్టుకున్న రాత్రుల్లో ఎన్ని నావి, ఎన్ని నేను ఊహించుకున్నవి? నాకంటూ ఉన్న ఒక్క గర్వమూ చింతమొద్దు పక్కన, చేతిలో చెంబుతో నిలబడి ఉండగా పోయింది.

అది పోయాక బుర్ర చురుగ్గా పనిచేసింది. పొద్దున్న మా ఆయన మంచం దిగుతుంటే పాదాలకి తాలు గింజలు అంటుకుని ఉన్నాయి. ఏమిటండీ అవి అంటే "నువ్వు ఊడ్చిన అందం" అన్నారు. కోతలు కాలేదు. ఇంట్లో తాలు ఉండేది గాదె గదిలో, అడుగంటిన పాత ధాన్యంలో. నెల రోజులుగా ఆ గదిలోకి ఎవరూ వెళ్ళలేదు.

నేను వెళ్ళాను. గడప దగ్గరే ఆగాను. నేల మీది దుమ్ములో అడుగులు గాదె దాకా వెళ్ళి తిరిగొచ్చాయి. పెద్ద పాదాలు, బొటనవేళ్ళు విడివిడిగా. నేను లోపలికి అడుగు పెట్టలేదు. ఆ దుమ్ములో నా అడుగులు పడకూడదు.

గాదెలోంచి కాసులపేరు తీసి అత్తగారి మంచం కింద పడేస్తే అయిపోతుంది. ఇంట్లో ఎవరికీ ఏమీ కాదు. కాని యేసమ్మ భయపడి మళ్ళీ తెచ్చి పడేసిందంటారు. పడవ తప్పుతుంది, దొంగ అన్న మాట తప్పదు. రెండో దారి ఉన్నమాట చెప్పడం. యేసమ్మ బయటపడుతుంది, నేను పెట్టె సర్దుకోవాల్సి వస్తుంది. నాన్న పోయాక పుట్టింట్లో అన్నయ్యా వదినా మాత్రమే ఉన్నారు. వదిన నాకు పీట వేసే మనిషి కాదు. ఇవన్నీ వాకిలి దాకా నడిచేలోగా ఆలోచించాను. మా వాకిలి చిన్నది.

తలుపు వెనకనుంచి ఇవతలికి వచ్చాను. అరుగు కింద ఊళ్ళో రైతులు పదిమంది ఉన్నారు. మునసబు గారు కాయితం మీద వేలిముద్ర వేయించడానికి యేసమ్మని పిలిపించారు.

"అత్తయ్యగారూ, రాత్రి ఊరు సద్దుమణిగే ఉందాండీ?" అని అడిగాను.

"ఆకు రాలితే వినపడేది. నువ్వేంటే మగాళ్ళ మధ్యకి?"

రైతులు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. పొద్దుటినుంచి ఆ ఇంట్లో కాసులపేరు మాట తప్ప మరో మాట ఎవరూ ఎత్తలేదు. మునసబు గారు కలం కింద పెట్టారు.

"వదినగారూ, మీ గోడ వెనకాల నలభై డబ్బాలు మోగాయి. నేనే ఒకదానికి సొట్టలు పెట్టాను."

"నేను మేలుకునే ఉన్నాను" అంది అత్తగారు. గొంతు మారింది. అందులో దబాయింపు లేదు. దారి తప్పిన మనిషి గొంతులా ఉంది.

"అమ్మాయ్, నువ్వు కాళ్ళ దగ్గరే ఉన్నావట కదా. ఎవరైనా రావడం చూశావా?" అని మునసబు గారు నన్నడిగారు.

"లేదండి. నేనూ నిద్రపోయాను."

"చూశారా మరి? నిద్రమొహం" అన్నారు మా ఆయన గుమ్మంలోంచి. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

"ఔనండి" అన్నాను. "రాత్రి ఈ ఇంట్లో లేచి తిరిగింది మీరొక్కరే."

నవ్వులు ఆగాయి.

"మతిపోయిందా? నేను పడుకుంటే..."

"గాదె గదిలో దుమ్ములో అడుగులున్నాయండి, బాబయ్యగారూ. ఆయన పాదం పెట్టి కొలవండి. కాసులపేరు గాదెలోనే ఉండాలి."

మునసబు గారు తనే లేచారు. వెనక ఇద్దరు రైతులు వెళ్ళారు. యేసమ్మ తల ఎత్తలేదు. నేను అత్తగారివైపు చూడలేదు. వాళ్ళు తిరిగొచ్చేసరికి మునసబు గారి చేతిలో మా ఆయన తుండుగుడ్డ మూటగా ఉంది. విప్పి అరుగు మీద పరిచారు. కాసుల సందుల్లో తాలు గింజలు ఇరుక్కుని ఉన్నాయి.

మా ఆయన తన పాదాల వంక చూసుకున్నారు, అవి వేరే ఎవరివో అయినట్టు.

"కొల్లేరు పొంగిన ఏడు నీకు ఏడేళ్ళురా జోగారావూ" అన్నారు మునసబు గారు నెమ్మదిగా. "అర్ధరాత్రి డబ్బాలు వాయించి ఊరిని లేపాం. మీ నాన్న నగల మూట నీ చేతికిచ్చి గాదెలో పెట్టించాడు. నాకు గుర్తుంది." తర్వాత నావైపు తిరిగారు. "ఇలా నిద్రలో లేచి నడవడం కొత్తా, పాతా?"

"ఆరేళ్ళుగా చూస్తున్నానండి."

ఆ మాటా, నేను నిద్రపోయానన్న మాటా ఆయన కాయితం మీద రాసుకున్నారు. కింద నా చేత సంతకం పెట్టించారు. నాకు సంతకం వచ్చని మా ఆయనకి అప్పుడే తెలిసింది.

యేసమ్మ వెళ్ళిపోతూ పెరటి గుమ్మం దగ్గర ఆగింది. "రేపటినుంచి పాక ఊడవడానికి రానమ్మగోరూ."

"నేను చెప్పాను కదా యేసమ్మా."

"ఆయ్, చెప్పారు. ముందే చెప్పుంటే బాగుండేది."

నిజమే. ఆరేళ్ళు ఆలస్యంగా చెప్పాను. ఆమెని ఆపలేదు. మర్నాడు పాక నేనే ఊడవాలని తెలుసు.

పెట్టె సర్దుకోమని ఎవరూ అనలేదు. దీపాలు పెట్టే వేళకి మాత్రం తల్లీ కొడుకూ ఒక నిర్ణయానికి వచ్చినట్టున్నారు. మా ఆయన ఎడ్లకి కట్టే పలుపుతాడు ఒకటి తెచ్చి, ఒక కొస తన కాలికి కట్టుకుని చూసుకుంటున్నారు.

"రెండో కొస దాని చేతికి కట్టరా" అంది అత్తగారు. "నువ్వు లేస్తే దానికి మెలకువొస్తుంది, పట్టుకుంటుంది. మొగుణ్ణి చూసుకోవడం ఆడదాని పని. నా కాళ్ళు పట్టాకే వచ్చి కట్టుకోవే."

ఆయన తాడు నావైపు చాపారు. "ఏం, అలా నిలబడ్డావ్? ఇలా పట్టుకో."

"నాకు మెలకువ రాదండి" అన్నాను. "నేను నిద్రపోతాను. పదిమంది ముందూ చెప్పాను, మునసబు గారు రాసుకున్నారు."

తాడు చాపిన చెయ్యి చాపినట్టే ఉంది. నేను చాపా దుప్పటీ తీసుకుని ముందు గదిలోకి వెళ్ళి, లోపల గడియ పెట్టాను.