కుడికాలి దొంగాట

మోకాలు పాడుచేసిన మనిషే దాని బాగోగులు తేల్చడానికి కూర్చుంటే ఎవరికి మాత్రం ఒళ్లు మండదు? భానుశ్రీకి చల్లపల్లిలో బస్సెక్కినప్పటి నుంచీ మండుతూనే ఉంది. కిందటేడు కబడ్డీ ప్రాక్టీసులో ఆమె ఎడమ చీలమండ పట్టుకుని, మోకాలి లిగమెంటు తెగేదాకా వదలని నఫీసా, చదువు పూర్తి చేసి విజయవాడలో ఫిజియో అయి కూర్చుంది. ఆవిడగారు సరే అంటేనే ఆదివారం జిల్లా సెలక్షన్స్‌కి రానిస్తానని కోచ్ తెగేసి చెప్పాడు.

"ముందు బాగున్న కాలు," అంది నఫీసా నేల మీద టేపు పరుస్తూ. కూర్చోమనలేదు, మంచినీళ్లయినా అడగలేదు. "కుడికాలి మీద నిలబడి ముందుకు దూకు. అదే కాలి మీద దిగాలి. తర్వాత ఎడమ. రెండూ ఇంచుమించు సమానంగా రావాలి."

భానుశ్రీ దీనికి విరుగుడు ఇంటి దగ్గరే ఆలోచించుకుని వచ్చింది. ఎడమకాలు కుడికాలిని అందుకోలేకపోతే, కుడికాలినే తగ్గిస్తే సరి. మహా తెలివి! కూతకెళ్లి మొదట కుంటుతున్నట్టు నటించి, అవతలివాళ్లు ఏమరగానే తాకి వచ్చేసే రకం ఆమె. దొంగాట ఆమెకి కొత్తేం కాదు.

కుడికాలితో బద్ధకంగా దూకింది. నఫీసా అక్కడ సుద్దతో గీత గీసింది. ఎడమకాలితో మాత్రం ప్రాణం పెట్టి దూకింది. గీతకి బెత్తెడు ఇవతల దిగింది.

"అయిందిగా. కోచ్‌కి ఫోన్ చేసి చెప్పు."

"బ్యాలెన్స్ చూడాలి. మొదట్లో నిలబడ్డ చోటే, కుడికాలి మీద నిలబడు."

"నా కాలు తీసింది చాలదా నీకు?"

"నోరు మూసుకుని నిలబడు."

పళ్లు నూరుకుంటూ నిలబడింది. నఫీసా టేపు చుట్టడానికన్నట్టు వంగి, చటుక్కున చీలమండ మీదికి చెయ్యి విసిరింది. భానుశ్రీ ఆలోచించనేలేదు. ఒక్క ఉదుటున దూకి సుద్దగీతకి మూరెడు అవతల దిగింది.

నఫీసా చేతులు దులుపుకుంది. "ఇదీ నీ కుడికాలు. నీతో కలిసి ఆడినదాన్ని, నా దగ్గరా నీ వేషాలు?"

"నువ్వు పట్టబోయావు కాబట్టి దూకాను."

"అవును. ఆ రోజూ పట్టాను. ఆటలో పట్టుకోక హారతిస్తారా? ఆదివారం ఇంకొకరు పడతారు. ఎడమకాలి మీద నిలబడు."

ఈసారి చెయ్యి వస్తుందని భానుశ్రీకి తెలుసు. వచ్చింది. దూకాలని ప్రాణం కొట్టుకుంది, కానీ మోకాలు బిగుసుకుపోయింది. ముందుకు తూలి, దొరికినదాన్ని రెండు చేతులతో పట్టుకుంది. నఫీసా చెయ్యి కాలిని తాకను కూడా లేదు.

"సెలక్షన్స్ వద్దని కోచ్‌కి చెప్తాను. నెల పోయాక రా."

"చచ్చినా నీ దగ్గరికి రాను."

"రాకు. ఇబ్రహీంపట్నంలో ఇంకో ఫిజియో ఉన్నాడు, అక్కడికే పో. అక్కడైనా కుడికాలితో నిజంగా దూకు."

"నువ్వంటేనే నాకు అసహ్యం."

"తెలుసులే," అంది నఫీసా. "ముందు నా భుజాలు వదులు."

అప్పటిదాకా వాటినే పట్టుకుని నిలబడ్డానని భానుశ్రీకి తెలియనే లేదు.