మందతో పోయిన ఫోను

తెల్లారి ఆరు దాటిందో లేదో పక్కింటి సత్తెమ్మ గోడ మీదుగా కేకేసింది. "ఉమా! సూర్యాపేట కెల్లి నీ దోస్తు ఫోను జేసింది, జల్ది రా!"

ఫోనులో లత. డిగ్రీ మూడేళ్లూ ఉమ పక్కనే కూర్చున్న పిల్ల.

"నీకు మెసేజ్ రాలేదా? సెల్ కంపెనీ ఇంటర్వ్యూ ఇయ్యాల్నే. కోదాడల. నన్ను పదింటికి రమ్మన్నరు."

"నాకేం రాలేదే!"

"వచ్చే ఉంటది, మంచిగ సూస్కో. అందుల నీ టైమూ, ఒక నంబరూ ఉంటయ్. గేటు కాడ ఫోన్ల ఆ మెసేజ్ సూపిస్తేనే లోపలికి పంపుతరంట. కాయితాలు నడువయ్."

కస్టమర్ కేర్ ఉద్యోగానికి రెండు నెలల కింద ఇద్దరూ కలిసి ఇంటర్నెట్ సెంటర్లో దరఖాస్తు పెట్టారు. మొబైల్ నంబరు రాయనిదే అది ముందుకు కదల్లేదు. ఇంట్లో ఉన్నది ఒకటే ఫోను, నాయినది. ఆ నంబరే ఇచ్చింది. ఆ ఫోను ఇప్పుడు పెన్‌పహాడ్‌లో లేదు. వరికోతలు కాగానే నాయిన పరశురాములు ఎనభై గొర్రె జీవాలను తోలుకుని వేములపల్లి మాగాణుల్లోకి పోయాడు. ఆయనకు అక్షరం ముక్క రాదు. మెసేజ్ వచ్చినా తెలియదు.

సత్తెమ్మ ఫోనులోనే నాయిన నంబరు కొట్టింది. స్విచాఫ్. మళ్లీ కొట్టింది. అదే మాట.

"అమ్మా, నేను వేములపల్లి పోతున్న" అంటూనే జడ వేసుకుంది. తల్లి పెంటమ్మ గిన్నెలో సద్ది కలుపుతోంది. "గంత మాగాణిల మీ నాయిన్ని ఏడ దొర్కవడ్తవే?" అంటూనే సర్టిఫికెట్ల కవరు తెచ్చి చేతిలో పెట్టింది.

ఆటో మారి, బస్సు మారి వేములపల్లిలో దిగేసరికి ఎనిమిదిన్నర అయింది. కాలువ గట్టున ఎదురైన మనిషినల్లా అడుగుతూ, సగం నడుస్తూ సగం ఉరుకుతూ పోయింది. మంద కనబడింది. కోసిన వరి కొయ్యకాళ్ల నడుమ గొంగడి భుజానేసుకుని నాయిన నిలబడి ఉన్నాడు. కూతురిని చూసి ఆయన ముఖం తెల్లబోయింది.

"ఏమైందే? మీ అమ్మ మంచిగున్నదా?"

"అమ్మ మంచిగనే ఉన్నది. నాయినా, ఫోనేదీ?"

"చార్జింగ్ అయిపోయింది బిడ్డా. మల్సూర్ హోటల్ల పెట్టొచ్చిన."

రోడ్డు మీద చాయ్ హోటలు మల్సూర్‌ది. చక్కెర డబ్బా పక్కన ఫోను తీగకు వేలాడుతోంది. ఉమ దాన్ని లాగి ఆన్ చేసింది. తెర మీద చిన్న కవరు బొమ్మ ఒకటి ఆరుతూ వెలుగుతూ ఉంది.

"మూడు దినాల సంది గట్లనే కొట్టుకుంటున్నది. ఫోను ఖరాబైందనుకున్న" అన్నాడు పరశురాములు.

ఖరాబు కాలేదు. నిండిపోయింది. పాటలు పెట్టుకోండి, రీచార్జి చేసుకోండి, జాతకం తెలుసుకోండి అంటూ వచ్చిన మెసేజ్‌లతో కొత్తదానికి చోటు లేకుండా పోయింది. ఉమ ఒక్కొక్కటే తీసేయసాగింది. ఒకటి తీయడానికి మూడుసార్లు నొక్కాలి. తొందరలో ఒకసారి తప్పు బటన్ పడి మొదటికొచ్చింది. ఐదు తీసింది. ఆరు. ఏడు. ఫోను ఊరికే ఉంది.

"రాదేమో నాయినా" అంది.

ఎనిమిదోది తీయగానే ఫోను రెండుసార్లు మోగింది. ఉమా పరశురాములు, నంబరు రెండు వందల పద్నాలుగు, కోదాడ, పన్నెండు గంటలు.

"నాయినా, ఫోను తీస్కపోవాలె. ఇది సూపియ్యకుంటే లోపలికి రానియ్యరు."

"తీస్కపో. జీవాలు నాతోని ఫోన్ల మాట్లాడ్తయా?" అని నవ్వి, రోడ్డుకు అడ్డంగా నిలబడి మిర్యాలగూడ బస్సును తానే ఆపాడు.

మిర్యాలగూడలో బస్సు మారింది. హుజూర్‌నగర్ దాటేదాకా నిలబడే పోయింది. కోదాడలో ఇంటర్వ్యూ జరిగే కాలేజీ గేటు చేరేసరికి పన్నెండుకు ఐదు నిమిషాలు తక్కువ. ఫోను చూపించింది. గేటు దగ్గరి మనిషి నంబరు చూసి లోపలికి వదిలాడు. వరండా నిండా పిల్లలే. లత ఇంటర్వ్యూ అప్పటికే అయిపోయి వెళ్లిపోయిందట. గది తలుపు దగ్గర నిఖిల్ అనే కుర్ర ఉద్యోగి ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని నంబర్లు పిలుస్తున్నాడు.

"లోపలికొచ్చేటప్పుడు ఫోన్లు ఆఫ్ చేసి ఈ బల్ల మీద పెట్టాలండీ. పిలిచినప్పుడు లేకపోతే ఆబ్సెంటే."

రెండు వందల పదకొండో నంబరు లోపలికి పోయినప్పుడు ఉమ చేతిలో ఫోను మోగింది. తెలియని నంబరు.

"పరశురాములూ! నేను రామలింగయ్యను."

మంద మేస్తున్న మాగాణి ఆయనదే. "నాయిన లేడు పటేలా, నేను ఆయన బిడ్డను. ఫోను నా కాడున్నది."

"అయ్యో! మా జీతగాడు పొద్దున నారుమడిల పురుగుమందు గుళికలు జల్లిండంట. మడి నీళ్లు మోటరు కాడి గుంటలకు దిగినయంట. నాకిప్పుడే చెప్పిండు. జీవాలను ఆ గుంటల తాపొద్దని మీ నాయినకు చెప్పు. నేను మిర్యాలగూడల ఉన్న, వచ్చేసరికి గంట అయితది."

ఎండ నడినెత్తికొచ్చాక నాయిన మందను నీళ్లకు తోలతాడు. గోడ గడియారంలో పన్నెండున్నర దాటుతోంది. ఫోను నాయిన దగ్గరే ఉంటే ఈ పాటికి మంద గట్టెక్కేది.

ఎవరికి చెప్పాలి? ఫోనులో పేర్లు లేవు, వట్టి నంబర్లే. వరసగా కొట్టింది. మొదటిది ఎవరో గొర్రెల బేరగాడు, తాను హైదరాబాద్‌లో ఉన్నానన్నాడు. రెండోది ఎత్తలేదు. మూడోదానికి గిన్నెల చప్పుడు వినిపించింది.

"ఎవలూ? మల్సూర్ హోటలు."

"కాకా, నేను పరశురాములు బిడ్డను! పొద్దున ఫోనుకొచ్చిన. మోటరు కాడి గుంటల మందు కలిసిందంట. నాయినకు చెప్పు కాకా, నీ కాళ్లు మొక్కుత. ఉరుకు!"

"పొయ్యి మీద నూనె ఉన్నదే..." అన్నాడు మల్సూర్. ఆ తర్వాత ఏదో దించిన చప్పుడు, బండి స్టార్టయిన చప్పుడు వచ్చాయి. లైను పోయింది.

"రెండు వందల పద్నాలుగు!" నిఖిల్ పిలిచాడు.

ఉమ లేచింది. బల్ల మీద ఆపేసిన ఫోన్లు వరసగా ఉన్నాయి. లోపలికి పోతే ఇదీ అక్కడే పడుకుంటుంది. మల్సూర్‌కు నాయిన దొరకకపోతే? ఇంకెటు పోయి ఉంటాడని అడగడానికి అతను మళ్లీ ఫోను చేస్తే?

"జర ఆగుండ్రి సార్. ఒక్క ఫోను రావాలె."

"కుదరదండీ. వస్తారా, రారా?"

ఉమ బల్ల వైపు అడుగు వేసి ఆగిపోయింది. ఫోనును రెండు చేతులా పట్టుకుని మళ్లీ కూర్చుంది. "ఆబ్సెంట్" అంటూ అతను ఏదో నొక్కి తర్వాతి నంబరు పిలిచాడు.

ఆ తర్వాతి అరగంట ఎట్లా గడిచిందో ఆమెకే తెలియదు. ఒకటీ పదికి ఫోను మోగింది.

"బిడ్డా." మల్సూర్ ఫోనులోంచి నాయిన గొంతు, రొప్పుతూ. "ముంగట పోయిన రెండు తాగినయి. పడిపోయినయి. మిగిలినయన్ని మళ్లేసిన. నువ్వు లోపలికి పోయినవా?"

"పోతున్న నాయినా" అంది. ఏడుపు బయటికి రాకుండా పెదవి కొరుక్కుంది.

తలుపు దగ్గరికి వెళ్లింది. "సిస్టమ్‌లో ఆబ్సెంట్ పడిపోయిందండీ, నేనేం చేయలేను" అన్నాడు నిఖిల్. ఉమ కదల్లేదు. పక్కకు జరగమన్నా జరగలేదు. భోజనానికి గదిలోంచి బయటికొచ్చిన పెద్దావిడ, ఇంటర్వ్యూ చేస్తున్న పూర్ణిమ అట, ఆగి చూసింది.

"ఏంటమ్మా?"

ఉమ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆవిడ ముఖంలో ఏ భావమూ కనబడలేదు. "అందరిదీ అయ్యాక చూద్దాంలే. కూర్చో" అని వెళ్లిపోయింది.

నాలుగింటికి పిలిచారు. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. పేరు, చదువు, సూర్యాపేటలో ఉండగలవా, కోపంగా ఉన్న మనిషితో ఫోనులో ఎట్లా మాట్లాడతావు. పొద్దున తిన్నదేమీ లేదు, గొంతు కీచుగా పలికింది. "మెసేజ్ వస్తుంది" అన్నారు. అంతే.

పొద్దు గూకుతుండగా వేములపల్లిలో దిగి ఉమ ఫోను నాయినకు చాచింది. "నేను తీస్కపోబట్టే నాయినా. రెండు జీవాలు..."

"నేను కండ్లముంగట ఉండి గూడ మందును కనిపెట్టకపోతిని. నీదేం తప్పే?" ఆయన ఫోను తీసుకోలేదు. "మెసేజొచ్చేదాక నీ కాడనే పెట్టుకో. నాతోని పనున్నోళ్లు మల్సూర్‌కు చేస్తరు."

వారం గడిచింది. లతకు రెండో రోజే వచ్చింది, ఉమకు రాలేదు. రోజూ రెండు పూటలా పనికిరాని మెసేజ్‌లు తీసేస్తూనే ఉంది. పదో రోజు పొద్దున నీళ్లు చేదుతుంటే ఫోను మోగింది. తడి చేతులతోనే తెరిచింది. రెండో జాబితాలో ఆమె పేరు. సూర్యాపేట ఆఫీసు. ఫిబ్రవరి ఒకటిన చేరాలి.

మల్సూర్‌కు ఫోను చేసింది. నాయినను పిలుస్తూ ఆయన రోడ్డు మీది నుంచి పెట్టిన కేకలు ఉమకు వినబడ్డాయి. చాలాసేపటికి నాయిన అందుకున్నాడు. ఉద్యోగం వచ్చిందని ఆమె చెప్పింది.

"నాయినా, ఇన్నవా?"

"ఇన్న. అండ్ల ఏమని రాసిండ్రో గది సదువు."

"ఇంగ్లీషుల ఉన్నది నాయినా."

"ఉండనీ. సదువు, ఇంట."

ఉమ చదివింది. అయిపోయాక ఆయన మళ్లీ చదవమన్నాడు.